వేసవి సెలవుల్లో క్రాబీ కొండలెక్కొచ్చా?

ప్రశ్న: నేను మధురవాడలో ఉంటాను. ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కొంతకాలంగా ఇండోర్ వాల్ మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుంటున్నాను. డిసెంబర్‌లో ఒకసారి హంపీ వెళ్లి అక్కడి రాళ్లెక్కి వచ్చాను. ఇప్పుడు ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి థాయ్‌లాండ్‌లోని క్రాబీ వెళ్లి, రైలే బీచ్ దగ్గరి సున్నపురాయి కొండలెక్కాలని కోరిక. నాకు పెద్ద సెలవులంటే మూడే: వేసవి, దసరా, సంక్రాంతి. మే నెలకి టికెట్లూ రూములూ చాలా చవగ్గా కనిపిస్తున్నాయి. వానల మాటెత్తితే, ‘అక్కడి కొండలు ముందుకు వాలి ఉంటాయి, ఎంత వాన పడినా కింద తడవదు’ అంటున్నారు ఫ్రెండ్స్. సంక్రాంతికి వెళ్దామంటే అమ్మ ఊరుకోదు. ఏ సెలవుల్లో వెళ్లమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సంక్రాంతికే వెళ్లండి. మే వద్దు, దసరా అసలే వద్దు. అమ్మగారిని నొప్పించకుండా వెళ్లే దారి కూడా ఉంది, అది కాసేపాగి చెప్తాను. ముందు మే నెల ఎందుకు వద్దంటున్నానో వినండి. చవక టికెట్టు చూశాక మనసు దాని మీంచి అంత తేలిగ్గా మళ్లదని నాకు తెలుసు.

ఏటా మే మూడో వారం వచ్చేసరికి మన పేపర్లలో ఒక వార్త వస్తుంది: ‘అండమాన్‌ను తాకిన నైరుతి రుతుపవనాలు’. విశాఖలో ఉక్కపోతకి అల్లాడుతూ ఆ వార్త చదివి, కేరళకి ఎప్పుడొస్తాయో, మనదాకా ఎప్పుడొస్తాయో అని రోజులు లెక్కపెట్టుకుంటాం. అదే అండమాన్ సముద్రానికి తూర్పు ఒడ్డున ఉంది క్రాబీ. పైగా ఆ తీరం పడమటికి తిరిగి ఉంటుంది. అంటే నైరుతి గాలి సముద్రం మీద తేమంతా మోసుకొచ్చి నేరుగా ఆ కొండల మీదే కుమ్మరిస్తుంది. మనం జూన్ రెండో వారం దాకా ఎదురుచూసే వాన వాళ్లకి మే లోనే మొదలై అక్టోబర్ చివరిదాకా ఉంటుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మరీ ఎక్కువ. ఆ తీరంలోనే ఉన్న సిమిలాన్ దీవుల నేషనల్ పార్కును అక్కడి ప్రభుత్వం ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తుంది. మీకు రూములు చవగ్గా దొరుకుతున్నది అందుకే.

సముద్రం సంగతి కూడా ఆలోచించుకోండి. రైలే మెయిన్‌ల్యాండ్‌లో భాగమే అయినా చుట్టూ కొండలడ్డు ఉండటం వల్ల రోడ్డు లేదు. ఆవ్ నాంగ్ నుంచో, ఆవ్ నామ్ మావ్ నుంచో ‘లాంగ్‌టెయిల్’ అనే పొడవాటి పడవల్లో వెళ్లాలి. గాలివాన ఉన్న రోజు ఆ పడవలు తిరగకపోవచ్చు. ఎక్కడం ఆగిపోతే పర్వాలేదు, తిరుగు ఫ్లైట్ ఉన్న రోజున పడవ లేకపోతే అది వేరే టెన్షన్.

ఇక మీ ఫ్రెండ్స్ మాట. అందులో సగం నిజముంది కాబట్టే అది ప్రమాదకరం. రైలే, దాని పక్కనే ఉన్న టొన్‌సాయ్ కొండల్లో చాలా గోడలు బాగా ముందుకు వాలి ఉంటాయి. వాన పడుతున్నప్పుడు వాటి కింద నిలబడితే నిజంగానే తడవరు. ఒక జల్లు కొట్టి పోయేంతసేపు ఎక్కుతూనే ఉండొచ్చు కూడా. తంటా అంతా వాన వెలిశాక మొదలవుతుంది.

ఇది మీ కళ్లతో చూడాలంటే థాయ్‌లాండ్ దాకా పోనక్కర్లేదు. వానాకాలంలో బొర్రా గుహలకి వెళ్లండి. అదీ సున్నపురాయే. బయట ఎండ కాస్తున్నా లోపల పైకప్పు నుంచి చుక్క తర్వాత చుక్క పడుతూనే ఉంటుంది. వేలాడే రాతి ఊడల్లో ఒకదాని కొన దగ్గర ఆగి కాసేపు చూడండి. కొనలో నీటిబొట్టు మెల్లగా ఉబ్బుతుంది, కాసేపు ఊగిసలాడుతుంది, రాలుతుంది, మళ్లీ ఇంకోటి పుడుతుంది. అది ఆ రోజు పడిన వాన కానక్కర్లేదు. ఎప్పుడో కొండ మీద పడి, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లంగా మారి, రాతి పగుళ్లలో సున్నాన్ని కరిగించుకుంటూ దిగి వచ్చిన నీరు. బయటి గాలి తగలగానే ఆ సున్నం మళ్లీ పేరుకుని ఊడగా మారుతుంది.

రైలే గోడల మీద మీరు పట్టుకోబోయేది సరిగ్గా ఆ ఊడల్నే. నున్నటి గోడలో చేతికి దొరికే బొడిపెలు, గొట్టాలు, రాతి మడతలు అన్నీ నీరు కట్టినవే. అంటే మంచి పట్టు ఎక్కడుందో నీటి దారి కూడా చాలాచోట్ల అక్కడే ఉంటుంది. పెద్ద వాన పడ్డాక ఒకటి రెండు రోజులకో, అంతకన్నా ఆలస్యంగానో ఆ ఊడలు కారడం మొదలుపెడతాయి. వానాకాలం మధ్యలో అయితే ఆరే వ్యవధే ఉండదు. కింద నుంచి చూస్తే గోడ పొడిగానే కనిపిస్తుంది. పదిహేను మీటర్లెక్కి, ముంజేతులు బిగుసుకుపోయి, ‘అమ్మయ్య, పెద్ద పట్టు దొరికింది’ అని చెయ్యి వేస్తే లోపల వేళ్లకి చల్లగా నీళ్లు తగులుతాయి. చెయ్యి జారకుండా రాసుకున్న చాక్ పొడి ఆ నీళ్లలో పేస్టు అయిపోతుంది. రూట్ (ఎక్కే దారి) మధ్యలో అలాంటి చోట జారితే తాడు ఆపుతుంది నిజమే, కానీ తాడు కూడా తడిసిందంటే దాని బలం తగ్గుతుందని మర్చిపోకండి. నేర్చుకుంటున్న దశలో ఉన్నవాళ్లకి ఈ లెక్కలన్నీ అనవసరం. పైగా వానకి తడవని గోడలంటే బాగా వాలినవే. బాగా వాలినవంటే కష్టమైనవి. మీలాంటి వాళ్లకి సరిపోయే తేలిక రూట్లు ఎక్కువగా నిటారు గోడల మీదో, కాస్త వెనక్కి వాలిన గోడల మీదో ఉంటాయి. అవి మొదటి జల్లుకే తడుస్తాయి. మీ ఫ్రెండ్స్ చెప్పిన మాట బాగా చేయి తిరిగిన క్లైంబర్లకి కొంత పనికొస్తుంది, మీ ముగ్గురికీ పనికిరాదు.

వాన ఒక్కటే కాదు, గాలిలో తేమ కూడా చూడాలి. సీజన్ అనగానే చాలామంది ఉష్ణోగ్రతలు చూస్తారు. క్రాబీ భూమధ్యరేఖకి ఎనిమిది డిగ్రీల దూరంలోనే ఉంది. అక్కడ పగటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా సుమారు 31 నుంచి 34 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. జనవరికీ మే కీ థర్మామీటర్‌లో పెద్ద తేడా కనిపించదు. అందుకే ‘ఎప్పుడైనా ఒకటేగా’ అనిపిస్తుంది. వెదర్ యాప్‌లో మీరు చూడాల్సింది డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. అది ఎంత ఎక్కువుంటే గాలిలో తేమ అంత ఎక్కువ. ఫిజిక్స్ చెప్పేవారు, మీకు ఇంతకన్నా వివరించనక్కర్లేదు. అరచేతి చెమట ఎంత తొందరగా ఆరుతుందన్నది చర్మం దగ్గర ఆవిరి పీడనానికీ గాలిలో ఆవిరి పీడనానికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. హంపీలో డిసెంబర్ గాలి పొడిగా ఉంటుంది, డ్యూ పాయింట్ 14 డిగ్రీలు అనుకుందాం. వానాకాలపు సముద్ర తీరంలో 26 అనుకుందాం. చర్మం 34 డిగ్రీల దగ్గర ఉందనుకుని లెక్క వేసి చూడండి, చెమట ఆరే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. హంపీలో రాయి చేతికి అతుక్కున్నట్టు అనిపించింది కదా, అందులో గ్రానైట్ గరుకుదనం ఎంతో, పొడి గాలి కూడా అంతే.

అందుకని ఒక మాట ముందే చెప్పేస్తున్నాను. జనవరిలో వెళ్లినా క్రాబీలో మీకు హంపీ పట్టు దొరకదు. అక్కడి మంచి సీజన్‌లో కూడా డ్యూ పాయింట్ 22, 23 డిగ్రీల దగ్గరే ఉంటుంది. హంపీలో సునాయాసంగా ఎక్కిన స్థాయి కన్నా ఒకటి రెండు మెట్లు తక్కువ రూట్లతో మొదలుపెట్టండి. అది మీ తప్పు అనుకుని నీరసపడొద్దు.

దసరా ఎందుకు అసలే వద్దన్నానంటే, ఆ సెలవులు సెప్టెంబర్ చివర్లోనో, అక్టోబర్‌లోనో వస్తాయి. క్రాబీలో వానలు అత్యధికంగా ఉండే రోజులు సరిగ్గా అవే. అటు సంగతి అలా ఉంటే, ఇటు మన తీరానికి తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్టు ఏమైందో విశాఖ వాళ్లకి ప్రత్యేకించి చెప్పాలా? బయల్దేరే చోటా నమ్మకం లేదు, చేరే చోటా లేదు.

ఇంకో చిన్న హెచ్చరిక. ‘థాయ్‌లాండ్‌కి ఎప్పుడు వెళ్లాలి’ అని వెతికి దొరికిన నెలని పట్టుకుని టికెట్లు కొనకండి. ఒకే దేశంలో రెండు తీరాలున్నాయి, రెండింటి వానలూ వేరు. పడమటి తీరాన ఉన్న క్రాబీకి నవంబర్ నుంచి ఆకాశం తేలికపడుతుంటే, తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్ వైపున్న కో సముయి, కో తావ్ దీవులకి అప్పుడే ఈశాన్య రుతుపవనాల వానలు ముదురుతాయి. నవంబర్‌లో నెల్లూరు ముసురులో నానుతుంటే ముంబైలో ఎండ కాయడం మనకి తెలిసిందే, అదీ ఇలాంటిదే. ఉత్తరాన చియాంగ్ మాయ్ దగ్గర కూడా మంచి సున్నపురాయి గోడలున్నాయి, కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలూ అడవులూ తగలబడే పొగ కమ్మేస్తుంది. అక్కడికైతే నవంబర్ నుంచి జనవరి. వియత్నాంలో కాత్ బా దీవి గురించి ఎవరైనా చెప్తే, అది మళ్లీ వేరే లెక్క. వేసవిలో ఉక్క, తుపాన్లు, ఫిబ్రవరి, మార్చిల్లో రోజుల తరబడి సన్నటి తుంపర. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య బాగుంటుంది. ‘ఉష్ణమండలం’ అని ఒక్క పేరు పెట్టి అన్నిటికీ ఒకే సీజన్ చెప్పడం కుదరదు. తీరం ఎటు తిరిగి ఉంది, ఏ గాలి ఏ నెలలో దాన్ని కొడుతుంది అన్నది చూసుకుంటే సగం పని అయిపోతుంది.

ఇప్పుడు సంక్రాంతి, అమ్మగారు. పండగ ఎగ్గొట్టమని నేను చెప్పను. భోగి మంట దగ్గర మీరుండండి, సంక్రాంతి నాడు అరిసెలు తినండి, కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రోజూ ఇంట్లోనే ఉండి మినప గారెలు కానివ్వండి. ముక్కనుమ నాడు బయల్దేరండి. కాలేజీ తెరిచాక నాలుగైదు క్యాజువల్ లీవులు కలుపుకుంటే వారం పైన చేతిలో ఉంటుంది. ఇంటర్ ప్రాక్టికల్స్ హడావుడి మొదలవకముందే తిరిగి వచ్చేయొచ్చు. ప్రిన్సిపాల్‌ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. జనవరిలో అడిగితే ఆ పాటికి ఇంకో నలుగురు అడిగి ఉంటారు. టికెట్లు మాత్రం బాగా ముందే తీసుకోవాలి. పండగ అయిపోగానే ఊళ్లకి వచ్చిన వాళ్లంతా ఒక్కసారి తిరుగుముఖం పడతారు, విశాఖ నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఫ్లైట్ల ధరలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అదే సమయానికి క్రాబీలో కూడా సీజన్ రేట్లే. టొన్‌సాయ్ వైపు బస రైలే కన్నా సాధారణంగా చవక. అక్కడే క్లైంబర్లు ఎక్కువగా దిగుతారు, తోడు కూడా దొరుకుతుంది. డిసెంబర్ చివరి వారంలో ఉండే క్రిస్మస్, న్యూ ఇయర్ రద్దీ సంక్రాంతి నాటికి కొంత తగ్గుతుంది. చైనీస్ న్యూ ఇయర్ జనవరి చివరి పది రోజుల నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు ఎప్పుడైనా రావచ్చు, ఆ ఏడాది తేదీ చూసుకుని దాన్ని తప్పించండి.

ఏ కారణం చేతైనా మీరు జనవరిని వదిలి డిసెంబర్ మొదట్లో వెళ్లాల్సి వస్తే చెన్నై మీదుగా టికెట్ తీసుకునే ముందు ఆలోచించండి. 2023 డిసెంబర్ మొదటి వారంలో మిచాంగ్ తుపానుకి చెన్నై ఎయిర్‌పోర్టు మూతపడింది. అటూ ఇటూ ఒక్కో రోజు చేతిలో ఉంచుకోవాలి.

జనవరిలో వెళ్లాక కూడా రోజులో ఏ పూట ఏ గోడ అన్నది చిన్న విషయం కాదు. ఆ ఎండలో గోడ మీద ఉంటే అరగంటలో చేతులు సబ్బు రాసుకున్నట్టు జారతాయి. పడమటికి తిరిగిన గోడలు పొద్దున, తూర్పుకి తిరిగినవి మధ్యాహ్నం నుంచి. అంతే సూత్రం. మధ్యలో పదకొండు నుంచి రెండు దాకా తిని పడుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. అక్కడ దొరికే గైడ్‌బుక్‌లో ప్రతి గోడకీ నీడ ఎప్పుడు పడుతుందో రాసి ఉంటుంది, వెళ్లిన రోజే కొనుక్కోండి.

పోటుపాట్లు కూడా చూసుకోవాలి. మన ఆర్కే బీచ్‌లో కన్నా అక్కడ నీరు ఎక్కువ ఎత్తున పెరిగి తగ్గుతుంది. పాటు సమయంలో, అంటే నీరు తగ్గినప్పుడు, రైలే నుంచి టొన్‌సాయ్‌కి రాళ్ల మీదుగా నడిచి వెళ్లొచ్చు, పోటు వచ్చాక అదే దారి నీళ్లలో ఉంటుంది. కొన్ని గోడల మొదలు దగ్గరికి కూడా పాటులోనే చేరగలం. అమావాస్య, పౌర్ణమి దగ్గర తేడా మరీ ఎక్కువ. సాయంత్రం పోటు ఉన్న రోజు అవతలి ఒడ్డున చీకటిపడేదాకా ఉండిపోకండి.

తాడు తగిలించడానికి రాతిలో బిగించే బోల్టుల గురించి మీరు అడగలేదు గానీ, సీజన్ ఏదైనా ఇది తెలిసి వెళ్లాలి. బీచ్ రోడ్‌లో ఇల్లున్న వాళ్లని అడగండి, కిటికీ గ్రిల్ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్తారు. సముద్రపు ఉప్పు, తేమ, వేడి, సున్నపురాయి నాలుగూ కలిసిన చోట స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు కూడా లోలోపల చీలిపోతాయి. పైకి తళతళలాడుతూనే ఉంటాయి, బరువు పడితే పుటుక్కుమంటాయి. అందుకే అక్కడ పాత స్టీలు బోల్టులు తీసి, టైటానియం బోల్టులు జిగురుతో బిగిస్తూ వస్తున్నారు. కానీ అన్ని రూట్లూ మారలేదు. ఏ రూట్ ఏ స్థితిలో ఉందో అక్కడి క్లైంబింగ్ షాపుల వాళ్లకి తెలుస్తుంది. రోజూ ఎక్కబోయే ముందు అడగండి. టైటానియం కాని దాన్ని, తుప్పు మరకలున్నదాన్ని నమ్మి వేలాడొద్దు. తిరిగి వచ్చాక మీ కారాబినర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు), క్విక్‌డ్రాలు (రెండు కొక్కేల్ని కలిపే పట్టీలు) మంచినీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టండి.

ఇప్పటి నుంచి జనవరి దాకా ఏం చేయాలంటారేమో. ఏసీ హాల్లో ప్రాక్టీస్ చేస్తున్నట్టయితే ఒంటికి ఉక్క అలవాటు తప్పిపోతుంది. శరీరం వేడికి అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు కావాలి. బయల్దేరే ముందు రెండు వారాలు సింహాచలం మెట్లదారో, కైలాసగిరి మెట్లో ఎండ పూర్తిగా తగ్గకముందే ఎక్కి దిగండి. విశాఖ వాళ్లకి ఈ విషయంలో ఒక మేలుంది, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు ఒక్క మధ్యాహ్నానికే డీలా పడిపోయే గాలిలో మనం పుట్టి పెరిగాం.

అలాగని కైలాసగిరి, యారాడ వైపు కొండరాళ్ల మీద సొంతంగా తాడేసుకుని ప్రాక్టీస్ చేయొద్దు. మన కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ అనే రాయి. వానకీ ఉప్పుగాలికీ పైపొర చివికి పోతుంది, గట్టిగా కనిపించిన అంచు చేతిలోకి ఊడి వస్తుంది. ఎర్రమట్టి దిబ్బల జోలికి అసలు పోకూడదు, అవి కాపాడుకోవాల్సినవి, ఎక్కేవి కావు. రాతి మీద చెయ్యి ఆనాలంటే నవంబర్ లేదా డిసెంబర్‌లో ఒక వారాంతం భువనగిరి కోట రాతికి వెళ్లండి. అక్కడ శిక్షణ ఇచ్చేవాళ్లున్నారు. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కే ముందు మొదట తాడు పట్టుకున్నది ఆ బండ మీదే. ఇంకా దూరం వెళ్లగలిగితే కర్ణాటకలోని బాదామి. అది ఇసుకరాయి. వాన పడిన తర్వాత పూర్తిగా ఆరేదాకా దాని మీద చెయ్యి వేయకూడదు, తడిలో ఆ రాయి బలహీనపడి పట్లు విరుగుతాయి. గోడల మీద పెద్ద తేనెపట్లు కనిపిస్తే ఆ రూట్ వదిలేయండి, ఎంత దూరం వచ్చి ఉన్నా సరే.

ఫ్రెండ్స్‌కి మే తప్ప కుదరదంటే క్రాబీని పక్కన పెట్టి మనాలి వైపు వెళ్లండి. ఎత్తు వల్ల మే, జూన్ మొదటి భాగంలో అక్కడ రాయి పొడిగా, గాలి చల్లగా ఉంటుంది. జులైలో వానలొచ్చేస్తాయి. క్రాబీ కోసం మిగతా ఇద్దరి సెలవుల్ని జనవరికి మార్పించే ప్రయత్నం చేయండి, కుదరకపోతే మీరొక్కరే వెళ్లినా టొన్‌సాయ్‌లో తాడు పంచుకునే తోడు దొరుకుతుంది. కానీ కొత్తవాళ్లతో తాడు కట్టుకునే ముందు వాళ్లు ముడి ఎలా వేస్తున్నారో, బిలే (ఎక్కేవాళ్లని కాపాడేందుకు కింద తాడు పట్టుకోవడం) ఎలా పడుతున్నారో కింద నిలబడి వాళ్లు ఒక రూట్ ఎక్కేంతసేపు చూడండి. మొదటి రోజు స్థానిక గైడ్‌ని పెట్టుకుంటే ఇంకా మంచిది.

చివరగా ట్రావెల్ ఇన్సూరెన్స్. చాలా మామూలు పాలసీలు రాక్ క్లైంబింగ్‌ని కవర్ చేయవు, ‘అడ్వెంచర్ స్పోర్ట్స్’ అని విడిగా కలిపించుకోవాలి. పాలసీ తీసుకునే ముందు మినహాయింపుల పేజీ చదివి, తాడుతో ఎక్కే క్లైంబింగ్ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. టికెట్లతో పాటే అదీ కొనేయండి, జనవరి దాకా ఆగొద్దు.